నీలం ట్యాంకులో పెట్రోలు

ఉప్పలరేవు డిపోలో ట్యాంకులు మూడు. మూడింటికీ ఒకటే రంగు ఉండేది, వెండి రంగు. అది కూడా తుప్పు పట్టనిచోట మాత్రమే. సముద్రం పక్కనున్నది పెట్రోలు, నడిమిది డీజిలు, గేటు పక్కనున్నది కిరసనాయిలు. ఈ సంగతి డిపోలో కాకులకి కూడా తెలుసు. కిరసనాయిలు ట్యాంకు మీద వాలిన కాకి పెట్రోలు ట్యాంకు మీద వాలేది కాదు.

బలివాడ తవిటయ్య ఆ డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కొలతలు చూసేవాడు. పొద్దున్నే ఇనప మెట్లెక్కడం, మూత తియ్యడం, ఇత్తడి బద్ద లోపలికి దించి నూనె ఎంతవరకు తడిపిందో చూసి చెప్పడం అతని ఉద్యోగం. మూత తీసిన క్షణంలోనే అందులో ఏముందో, ఓడలో వచ్చేటప్పుడు నీళ్ళేమైనా కలిశాయో లేదో అతని ముక్కు చెప్పేసేది. పాత మేనేజర్లు ఆ ముక్కు చెప్పిందాని కిందే సంతకాలు పెట్టేవారు. రిటైరు కావడానికి ఇక మూడు నెలలుంది. ఏ గొడవా లేకుండా పెన్షను కాగితం చేతికొస్తే, సముద్రపు ఒడ్డున చినదిబ్బపాలెంలో ఉన్న తోడబుట్టిన అక్క ఇంటి పక్కన ఓ రెండు గదులు వేసుకుందామని అతని ఆలోచన.

గొడవ వేరేచోట పుట్టింది. ఎక్కడో ఇంకో డిపోకి ఓ పెద్దమనిషి వచ్చి, దండలేయించుకుని, ట్యాంకులకేసి చూసి, "దేంట్లో ఏముందో నాకెలా తెలుస్తుంది?" అని అడిగాట్ట. మీకు తెలియక్కర్లేదండీ అని చెప్పగల ధైర్యవంతుడు ఆ చుట్టుపక్కల ఎవడూ లేకపోయాడు. అందుచేత ఓ కమిటీ వేశారు. కమిటీ పదకొండు నెలలు కూర్చుని, దేశంలో రంగులు ఏడున్నాయని కనుక్కుని, వాటిలో మూడింటిని ఎంపిక చేసింది. పెట్రోలుకి ఎరుపు, డీజిలుకి పసుపు, కిరసనాయిలుకి నీలం. దీనికి ఇంధన వర్ణ సంకేత పథకం అని పేరు పెట్టి, ఉప్పలరేవులో మొదలుపెడదామన్నారు.

ఇందులో చెడ్డేమీ లేదు. నిజానికి మంచి ఆలోచనే. తవిటయ్య కూడా మెచ్చుకున్నాడు. కొత్తగా వచ్చిన డ్రైవర్లకి పనికొస్తుందన్నాడు.

రంగులు వేసేవాళ్ళు తెచ్చుకున్న కాగితంలో ఒకటో ట్యాంకు ఎరుపు, రెండు పసుపు, మూడు నీలం అని ఉంది. అయితే ఇంధనం ఓడలో వస్తుంది గనక ఉప్పలరేవులో లెక్క ఎప్పుడూ సముద్రం వైపు నుంచి మొదలవుతుంది. హెడ్డాఫీసులో అధికారులు జీపులో వస్తారు గనక, వాళ్ళ లెక్క గేటు నుంచి మొదలవుతుంది. ఆ కాగితం డిపో పంపిన జాబితా చూసి హెడ్డాఫీసులో తయారైంది. రంగులవాళ్ళు గేటులోంచి వచ్చి, ఎదురుగా కనిపించిన కిరసనాయిలు ట్యాంకుని ఒకటి అనుకుని ఎర్రగా చేసేశారు. పెట్రోలు ట్యాంకు నీలమైపోయింది. మధ్య ట్యాంకు ఎటునుంచి లెక్కపెట్టినా రెండోదే కాబట్టి డీజిలుకి మాత్రం న్యాయం జరిగింది.

తవిటయ్య పరుగెత్తుకుంటూ మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు ఏడిద కామేశ్వరం మంచివాడు. ఎంత మంచివాడంటే, ఎవరినీ కాదనలేడు, ముఖ్యంగా కాగితాలని.

"బాబూ, రంగులు తిరగబడిపోనాయండి. పెట్రోలుకి నీలం కొట్టేసినారు."

కామేశ్వరం కాగితం తీశాడు, కిటికీలోంచి ట్యాంకుల్ని చూశాడు, మళ్ళీ కాగితాన్ని చూశాడు. "కాగితం మీద సీలుంది తవిటయ్యా. సోమవారం ప్రారంభోత్సవం. అదయ్యాక నెమ్మదిగా చూద్దాంలే."

సోమవారం వర్ణ సంకేత ప్రత్యేకాధికారి వింజమూరి శశిభూషణ్ గారు దిగారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. జేబులో ఎరుపు, పసుపు, నీలం పెన్నులు మూడున్నాయి. రిబ్బను కత్తిరించి, ఇకమీదట ఈ డిపోలో ఎవరికీ ఏ సందేహమూ ఉండదని ప్రకటించారు. చప్పట్లయ్యాక కామేశ్వరం ఆయన చెవిలో సంగతి ఊదాడు.

శశిభూషణ్ గారు కంగారు పడలేదు. అలాంటివారు పడరు. జీపులోంచి నిబంధనావళి తెప్పించి ఏడో నిబంధన చదివారు. "ట్యాంకులోని పదార్థమునకును, ట్యాంకుపై గల వర్ణమునకును వైరుధ్యము సంభవించిన యెడల వర్ణమే అంతిమ ప్రమాణముగా పరిగణింపబడును." పుస్తకం మూసి, "అందులో ఏముందో మీకు ఎవరు చెప్పారు?" అని అడిగారు.

"మేమే పోయించాం సార్, పోయిన్నెల," అన్నాడు కామేశ్వరం.

"అది పోయిన్నెల. రంగు ఈ నెలది. తాజా సమాచారం ఏది?"

కామేశ్వరం తవిటయ్య కేసి చూశాడు. తవిటయ్య ముందుకొచ్చాడు. "బాబూ, మూత తీసి వోసన సూస్తే తెలిసిపోద్దండి. అది పెట్రోలండి."

"వాసన," అన్నారు శశిభూషణ్ గారు, ఆ మాట మొదటిసారి విన్నట్టు. "ముక్కు సంస్థ ఆమోదించిన పరికరమా? దానికి తనిఖీ ధ్రువపత్రం ఉందా? కిందటిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు?"

తవిటయ్య ముక్కు తడుముకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా దాన్ని ఎవరూ పరీక్ష చేయించలేదు. జలుబు చేసినప్పుడు మాత్రం సెలవు పెట్టేవాడు.

ముక్కు పనికిరాకపోతే హైడ్రోమీటరు ఉంది కదా అని మీకు అనుమానం రావచ్చు. నూనెలో వదిలితే ఎంతవరకు మునిగిందో చూసి పెట్రోలో కిరసనాయిలో తేల్చేసే గాజు గొట్టం అది. ఉప్పలరేవులో అవి రెండుండేవి. రంగు ఉండగా గాజు గొట్టాలెందుకని, పొదుపు చర్య కింద వాటిని కిందటి వారమే పెట్టెలో పెట్టి, సీలు వేసి, హెడ్డాఫీసుకి పంపేశారు. అక్కడవి భద్రంగా ఉన్నాయి.

అలా సోమవారం మధ్యాహ్నం నుంచి కొత్త పద్ధతి మొదలైంది. ఎర్ర ట్యాంకు నుంచి ఎర్ర గొట్టం ద్వారా ఎర్ర లారీల్లోకి కిరసనాయిలు పెట్రోలుగా వెళ్ళింది. మంగళవారం సాయంత్రానికి పట్టణంలో స్కూటర్లు నాలుగు వీధుల పొగ వదిలి ఆగిపోయాయి. పెళ్ళికొడుకుని ఎక్కించుకున్న కారు సెంటర్లో మొండికేసింది. బంకుల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఏం చెప్పాలో శశిభూషణ్ గారు కామేశ్వరానికి కాగితం మీద రాసిచ్చారు.

"మీ పంపు ఏ రంగండీ?" అని అడిగేవాడు కామేశ్వరం ఫోన్లో. "ఎరుపా? అయితే అది పెట్రోలేనండీ. వాహనాలు కొత్త పద్ధతికి అలవాటు పడడానికి కొంత వ్యవధి పడుతుందండీ."

శశిభూషణ్ గారి జీపు మాత్రం చక్కగా నడిచింది. అది డీజిలు జీపు.

స్కూటర్ల సంగతి తవిటయ్యకి పెద్దగా పట్టలేదు. నడిచి పోతారులే అనుకున్నాడు. అతనికి నిద్రపట్టనివ్వనిది గురువారం. నెలకోసారి గురువారం నాడు సముద్రపు ఒడ్డు పాలేలకి రేషను కిరసనాయిలు వెళుతుంది. నీలం లారీ నీలం ట్యాంకు కింద ఆగి నింపుకుంటుంది. ఆ నీలం ట్యాంకులో ఉన్నది పెట్రోలు. ఆ లారీ మొదట ఆగేది చినదిబ్బపాలెంలో.

చినదిబ్బపాలెంలో అతని అప్ప అప్పలకొండ వత్తుల స్టవ్వు మీద బజ్జీలు వేసి అమ్ముతుంది. ఆమె స్టవ్వులో నూనె పోసే తీరు తవిటయ్య కళ్ళారా చూశాడు. మంట పూర్తిగా ఆర్పదు. ఇంత తగ్గించి, పక్కనుంచి ఒడుపుగా పోసేస్తుంది. కిరసనాయిలు కాబట్టి ముప్పై ఏళ్ళుగా ఆ ఒడుపు నడుస్తోంది. పెట్రోలైతే ఒకే ఒక్కసారి.

బుధవారం పొద్దున్నే అప్పకి ఫోను చేశాడు. "అప్పా, ఈ నెల రేసన్ నూనె తేకు. మంచిది కాదు."

"నాను తేనులే," అంది అప్పలకొండ. "మరి నూటెనబై కార్డులున్నాయి కదరా పాలెంలో. ఆల్లందరికీ సెప్పీనా? మా తమ్ముడు డిపోలో ఉన్నాడు, ఆడే సెప్పినాడని సెప్పీనా?"

డిపో నూనె మంచిది కాదని డిపో మనిషే ఊళ్ళో చాటిస్తే, మూడు నెలల్లో రావలసిన పెన్షను మూడు జన్మలకి కూడా రాదని తవిటయ్యకి తెలుసు. పైగా ఆ ఒడ్డున అలాంటి పాలేలు ఇంకా ఏడున్నాయి.

ఫోను పెట్టేసి తిన్నగా శశిభూషణ్ గారి దగ్గరికి వెళ్ళాడు. చేతులు కట్టుకుని, ఉన్నదంతా చెప్పాడు. "జనం సచ్చిపోతారు బాబూ. నాను కల్లబొల్లి సెప్పట్నేదు. తవరొక్కపాలి మెట్లెక్కి మూత తీసి సూడండి."

శశిభూషణ్ గారు మెట్లకేసి చూశారు. అవి నలభై రెండున్నాయి. "చూడు తవిటయ్యా, వ్యక్తుల ముక్కుల మీద ఆధారపడితే వ్యవస్థ నిలవదు. నీ ముక్కు ఒకటంటుంది, ఇంకొకరి ముక్కు ఇంకొకటంటుంది. రంగు అలా కాదు, అందరికీ ఒకటే." తరువాత నీలం పెన్ను తీసి ఓ మెమో రాశారు. అనధికారికంగా ముక్కును వినియోగించి, సంస్థ వర్ణ నిర్ణయమును ప్రశ్నించినందుకు సంజాయిషీ కోరడమైనది. దానికింద ఓ ఉత్తర్వు: విధి నిర్వహణలో సిబ్బంది ముక్కులు మూసి ఉంచవలెను.

మూయడానికి హెడ్డాఫీసు నుంచి ఏమీ రాలేదు గనక కామేశ్వరం బజారు నుంచి బట్టలారేసుకునే క్లిప్పులు డజను తెప్పించాడు. అవి ఆకుపచ్చగా ఉన్నాయి. ఆకుపచ్చ జాబితాలో లేదు కాబట్టి వాటికీ రంగు వేయించాల్సి వచ్చింది. ఎర్ర ట్యాంకెక్కేటప్పుడు ఎర్ర క్లిప్పు, నీలం ట్యాంకెక్కేటప్పుడు నీలం క్లిప్పు పెట్టుకోవాలి.

"పోనీలేవయ్యా, ఓర్చుకో," అన్నాడు కామేశ్వరం క్లిప్పు చేతిలో పెడుతూ. "రెండో మెమో పడిందంటే పెన్షను ఫైలు కదలదు. నీ మంచికే చెబుతున్నా."

గురువారం పొద్దున్న నీలం లారీ వచ్చింది. డ్రైవరు అసిరయ్య, తవిటయ్యకి దూరపు చుట్టం, వరసకి అల్లుడు. నీలం గొట్టం తగిలించారు. పన్నెండు వేల లీటర్లు దిగింది. ముక్కున క్లిప్పు పెట్టుకుని తవిటయ్య పక్కనే నిలబడి చూశాడు. క్లిప్పుంటేనేం, కళ్ళు మండుతున్నాయి. అసిరయ్య తాళం తిప్పాడు. లారీ గేటుకేసి కదలబోయింది.

అప్పుడు తవిటయ్యకి ఒక సంగతి తట్టింది. ఈ డిపోలో వాసన చెబితే వినేవాళ్ళు లేరు. నోటితో చెబితే వినేవాళ్ళు లేరు. రంగు చెబితే మాత్రం అందరూ వింటారు.

గోడ పక్కన రంగులవాళ్ళు వదిలేసిన పసుపు డబ్బా ఉంది. మూత ఊడదీసి, కుంచె ముంచి, లారీకి అడ్డంగా వెళ్ళి, నీలం ట్యాంకరు నడుం మీద ఈ చివర నుంచి ఆ చివరకి జానెడు వెడల్పున పసుపు పట్టీ వేసేశాడు.

"ఏటి సేస్తన్నావు మావా?" అన్నాడు అసిరయ్య కిటికీలోంచి తల బయటపెట్టి.

"నీ పేనం కాస్తన్నాను. ఆ బీడీ కట్ట నాకిచ్చి తిన్నగా పో."

గేటు దగ్గర కాపలా ఎర్రినాయుడు లారీ కేసి చూశాడు. గోడ మీద అంటించిన రంగుల చార్టు కేసి చూశాడు. చార్టులో నీలం ఉంది, పసుపు ఉంది. నీలం మీద పసుపు లేదు. ఎర్రినాయుడు పద్ధతి గల మనిషి. గేటుకి అడ్డంగా గడ్డపార వేసి, సైరను మోగించాడు. వర్ణ సంకేత పథకం అచ్చంగా రాసినట్టే పనిచేయడం అదే మొదలు.

శశిభూషణ్ గారు వచ్చేసరికి తవిటయ్య చేతులు రెండూ మోచేతుల దాకా పసుపుగా ఉన్నాయి. దర్యాప్తు అవసరం లేకపోయింది. రెండో మెమో అక్కడికక్కడే రాశారు. సస్పెన్షను ఉత్తర్వు కూడా రాశారు. "తక్షణం డిపో విడిచి వెళ్ళు," అన్నారు.

"ఎల్లడానికి నేదండి," అన్నాడు ఎర్రినాయుడు. "ముందున్న బండి కదిల్తేగానీ ఎనకున్న మనిసిని వొగ్గకూడదు. రూలు."

బండి కదలడానికి వీల్లేదు. అందులో ఏముందో తేలేదాకా బయటికి పంపకూడదు. ఏముందో తేలేదాకా దించనూ కూడదు, ఏ ట్యాంకులోకి దించాలో తెలియదు కాబట్టి. డిపోకి ఉన్నది ఒకటే గేటు. అందుచేత లారీ గేట్లో నిలబడిపోయింది, దాని వెనక డిపో మొత్తం నిలబడిపోయింది. శశిభూషణ్ గారి జీపూ అందులోనే చిక్కుకుంది, ఆయనతో సహా.

మొదటి రోజు ఆయన, నీలం ఎక్కువ పసుపు తక్కువ కనక అందులో ఉన్నది డీజిలు కొద్దిగా కలిసిన కిరసనాయిలని హెడ్డాఫీసుకి కబురు పంపారు. కొద్దిగా అంటే ఎంత శాతమో తెలపండని జవాబొచ్చింది. కామేశ్వరం టేపు తెచ్చి పట్టీ కొలిచాడు. వచ్చిన శాతాన్ని పంపారు. పట్టీ రెండు వైపులా ఉందా, ఒకవైపేనా అని అడిగారు. రెండో రోజు గోడమీంచి అన్నం క్యారేజీలు అందుకుని తిన్నారు. ఆయన ఇస్త్రీ నలిగింది. అంతలో ఇంకో తాఖీదు వచ్చింది: లారీలో ఉన్న పదార్థమేమిటో శనివారం మధ్యాహ్నంలోగా తమరి సంతకంతో ధ్రువీకరించవలెను, పొరపాటు దొర్లిన యెడల బాధ్యత తమదే.

బాధ్యత తమదే అన్న చోట శశిభూషణ్ గారికి మొదటిసారి భయం వేసింది.

శనివారం పొద్దున్న ఆయన షెడ్డు కింద బల్ల దగ్గరికి వచ్చారు. తవిటయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు, ముక్కున నీలం క్లిప్పుతో. ఆయన చుట్టూ చూసి, లారీలోంచి పట్టి చేతిరుమాల్లో చుట్టి తెచ్చిన స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టారు.

"తవిటయ్యా, ఇదేమిటో కాస్త చూసి చెబుతావా?"

"ముక్కు మూసుకోమన్నారు కదండి," అన్నాడు తవిటయ్య బొంగురుగా. "ఉత్తర్వు."

"ఉత్తర్వు నాదే. నేను చెబుతున్నాను, తియ్యి."

"నోటి మాట నాకొద్దండి. తవరికి కాయితమంటే నమ్మకం. నాకూ అలవాటైపోనాది."

ఆయన మూడు పెన్నులూ తీసి చూసుకుని, నల్ల పెన్ను కోసం కామేశ్వరం దగ్గరికి మనిషిని పంపారు. కాగితం మీద తవిటయ్య చెప్పినట్టే రాశారు. రెండు మెమోలూ, సస్పెన్షనూ రద్దు. ముక్కు ఏం చెబితే దాని ప్రకారమే ట్యాంకు నుంచి సరుకు కదలాలి. సంతకం, తేదీ. తవిటయ్య ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, క్లిప్పు తీశాడు. గ్లాసు మాత్రం ముట్టుకోలేదు.

"పెట్రోలండి. తవరు ఆ మూల తిరగ్గానే తెలిసిపోనాది. దూరంగా ఎట్టేయండి, తవరి జేబులో అగ్గిపెట్టుంది."

శశిభూషణ్ గారు గ్లాసునీ, జేబునీ మార్చి మార్చి చూసుకున్నారు. ఆ తరువాత గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని షెడ్డు అవతల పెట్టి వచ్చారు.

లారీ పెట్రోలు మళ్ళీ పెట్రోలులోకి చేరింది. ట్యాంకుల మీద రంగులు మాత్రం అలాగే ఉండిపోయాయి. సోమవారం కిరసనాయిలు కిరసనాయిలుగానే పాలేలకి వెళ్ళింది. చినదిబ్బపాలెం నుంచి అసిరయ్య చేత అప్పలకొండ వేడి బజ్జీల పొట్లం పంపించింది. తవిటయ్య అది విప్పి తినలేదు కాసేపు. వాసన చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి, ఆ రోజు పెట్రోలు వల్ల కాదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ సంస్థలకి గుణపాఠాలు నేర్చుకునే అలవాటుంది.

ఉప్పలరేవు సంఘటన మీద శశిభూషణ్ గారు ఓ నివేదిక సమర్పించి, దాని బలాన పై హోదా సంపాదించారు. వర్ణ సంకేతమునకు అనుబంధముగా నాసికా సంకేత పథకము ప్రవేశపెట్టాలని అందులో ఉంది. ఇకమీదట ముక్కు ఆమోదిత పరికరం. అయితే డిపోలో ఎన్నో ముక్కులుంటాయి. ఏది ఆమోదం పొందిందో, ఏది పొందలేదో చూడగానే తెలియవద్దా? అందుచేత ఆమోదిత నాసికకి అది గుర్తించగల ఇంధనాల రంగులు వేయాలి.

తవిటయ్య చివరి పనిదినానే మొదటి ముక్కు పరీక్ష పెట్టారు. మళ్ళీ రిబ్బను, మళ్ళీ దండలు. అతనికి మూడూ తెలుసు గనక మూడు పట్టీలు వేశారు. కొసకి ఎరుపు, నడుమ పసుపు, పైన నీలం. ట్యాంకులకి వాడిన డబ్బాల్లోదే వేశారు, రంగు తేడా రాకూడదని. అది ఆరకముందే శశిభూషణ్ గారు ఓ సీసా మూత తీసి అతని ముక్కు కింద పెట్టారు.

"ఇదేమిటి?"

తవిటయ్య గట్టిగా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. "రంగు వోసనండి. ఇంకేటీ తెల్డం నేదు."

"రాసుకోండి," అన్నారు శశిభూషణ్ గారు, పక్కనున్న గుమాస్తాతో. "అభ్యర్థి రంగును సరిగ్గా గుర్తించాడు. ఉత్తీర్ణుడు."

పెన్షను కాగితం, శాలువా, ఉత్తీర్ణత పత్రం పట్టుకుని తవిటయ్య ఆ సాయంత్రమే చినదిబ్బపాలెం చేరాడు. అప్పలకొండ తమ్ముడి మొహం చూసి నవ్వాపుకోలేక, బజ్జీల బాణలి దింపి లోపలికెళ్ళింది. పాత గుడ్డ, సీసా తెచ్చింది. ఆ రంగు సబ్బుకి పోదు, కిరసనాయిలు పెట్టి తుడవాలి.

తవిటయ్య గుడ్డ తడపబోయి ఆగాడు. మూత తీసి వాసన చూశాడు. రంగు వాసనే వచ్చింది. స్టవ్వు ఇంకా సన్నగా మండుతూనే ఉంది. మళ్ళీ వాసన చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి సీసాలో ఏముందో అతనికి తెలియలేదు.

"అప్పా, ఇది కిరసనాయిలేనా?"

"కాకపోతే ఏటి? సూసుకో, సీసా మీద నీలం కాయితం అంటించి ఉంది కదా. ఇప్పుడు డిపో నుంచి కాయితాలంపి అందరి సీసాలకీ అంటిస్తన్నారు."

తవిటయ్య సీసాకి మూత బిగించి, స్టవ్వుకి దూరంగా తీసుకెళ్ళి గోడవతల పెట్టి వచ్చాడు. ఆ రంగు దానంతటది రాలిపోవడానికి పదహారు రోజులు పట్టింది. అన్నాళ్ళూ అతను ఆ ముక్కుతోనే తిరిగాడు, అప్పని స్టవ్వు ముట్టించనివ్వలేదు.